అర్జీ పెట్టనివారి లెక్క: మధ్యస్థాయి అధికారులకు ప్రభావ మదింపు శిక్షణపై ఒక కేస్ స్టడీ

సోమవారం కలెక్టరేట్‌కు వచ్చే అర్జీలు, నెలనెలా మండలాల నుంచి అందే ప్రగతి నివేదికలు, ప్రజాప్రతినిధుల ఫోన్లు: ఒక పథకం క్షేత్రస్థాయిలో ఎలా నడుస్తోందన్న సమాచారం మన అధికారులకు దాదాపుగా ఈ మూడు దారుల్లోనే చేరుతుంది. ఈ దారుల్లో లబ్ధి పొందినవారు కనిపిస్తారు, లబ్ధి అందక వచ్చి అడగగలిగినవారు కనిపిస్తారు, పథకం వల్ల పాత రాబడి పోయి ఫిర్యాదు చేసేవారు మరీ బాగా కనిపిస్తారు. పథకం తమ గడప దాకా రాక, వచ్చి అడిగే తీరికా ధైర్యమూ లేక ఇంటి దగ్గరే ఉండిపోయినవారు మాత్రం ఏ కాగితం మీదా కనిపించరు. వారిని నోట్ ఫైలులోకి తీసుకురావడమే ప్రభావ మదింపు (ఒక పథకం వల్ల నిజంగా వచ్చే మార్పు ఎంతో తేల్చే పని) శిక్షణ చేయవలసిన మొదటి పని అని నా అభిప్రాయం. గణాంక సూత్రాలు, సాఫ్ట్‌వేర్ పాఠాలు ఆ తర్వాతి సంగతి.

ఈ కేస్ స్టడీ ఒక రాష్ట్రస్థాయి శిక్షణ సంస్థలో నేను రూపొందించి బోధించిన కోర్సుకు సంబంధించినది. ఎంపీడీవోలు (మండల పరిషత్ అభివృద్ధి అధికారులు), సీడీపీవోలు (శిశు అభివృద్ధి పథక అధికారులు), మండల విద్యాధికారులు, వ్యవసాయ శాఖ సహాయ సంచాలకులు, ఐటీడీఏల్లో (గిరిజనాభివృద్ధి సంస్థల్లో) పనిచేసే అధికారులు, ముఖ్య ప్రణాళికాధికారి కార్యాలయాల గణాంక సిబ్బంది ఇందులో పాల్గొన్నారు. కార్యదర్శి స్థాయి అధికారులకే ఈ శిక్షణ ఇవ్వాలన్న సూచన మొదట్లో వచ్చింది. నిర్ణయం పైస్థాయిలో జరిగినా, ఆ నిర్ణయానికి ఆధారమయ్యే నోట్‌ను మొదట రాసేది మధ్యస్థాయి అధికారి. మొదటి నోట్‌లో లేని ప్రశ్న ఫైలు పైకి వెళ్లేకొద్దీ పుట్టుకురావడం చాలా అరుదు కాబట్టి, ఆ నోట్ రాసే చేతులనే ఎంచుకున్నాం.

కోర్సును రెండు విడతలుగా విడగొట్టి, మధ్యలో కొన్ని వారాల విరామం ఇచ్చాం. ప్రతి ఒక్కరూ తమ శాఖలో ఇంకా నిర్ణయం కాని ఒక ఫైలును వెంట తెచ్చుకోవాలన్నది ఏకైక షరతు. దీనిని పాటింపజేయడం తేలిక కాలేదు. చాలామంది ఇప్పటికే అమలై, విజయవంతమైనట్టు నివేదికలు కూడా వెళ్లిపోయిన పథకాలనే తెచ్చారు. ప్రశంసాపత్రం అందుకున్న పథకానికి ప్రభావ మదింపు చేయడమంటే జరిగిపోయిన పెళ్లికి ముహూర్తం చూడడమే కాబట్టి, వాటిని పక్కన పెట్టించి, కార్యాలయానికి ఫోను చేయించి మరీ పెండింగు ఫైళ్లు తెప్పించాం.

మెట్టు దాటే అలవాటు

ప్రభావ మదింపు అనగానే రెవెన్యూ అనుభవం ఉన్నవారందరికీ గుర్తుకు వచ్చింది భూసేకరణే. 2014 జనవరి 1న అమలులోకి వచ్చిన 2013 నాటి భూసేకరణ చట్టం, భూమి తీసుకునే ముందు సామాజిక ప్రభావ మదింపు జరపాలని, దానిని ఆరు నెలల్లో ముగించాలని, ప్రభావిత ప్రాంతంలో బహిరంగ విచారణ జరిపి, నివేదికను నిపుణుల బృందం ముందు ఉంచాలని నిర్దేశించింది. తర్వాతి కాలంలో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండూ కొన్ని తరహాల ప్రాజెక్టులకు ఈ నిబంధన నుంచి మినహాయింపు ఇచ్చే వీలు కల్పిస్తూ సవరణలు తెచ్చుకున్నాయి. ఈ చరిత్రనంతటినీ దగ్గర నుంచి చూసిన అధికారికి మదింపు అంటే ఫైలు కదలడానికి దాటవలసిన మెట్టుగా, కుదిరితే తప్పించుకోవలసిన మెట్టుగా తోచడంలో వింత లేదు.

మరికొందరికి అది ఆడిట్‌కు మరో పేరు. తమ పనిలో తప్పులు వెతకడానికే ఎవరో వస్తారని వారి భయం. దేశంలో కార్యక్రమాల మూల్యాంకనానికి ప్రత్యేక సంస్థ 1952లోనే ఏర్పడింది. ఇప్పుడు ఆ పని నీతి ఆయోగ్‌లో 2015లో ఏర్పడిన కార్యాలయం చేస్తోంది. ఇన్ని దశాబ్దాలుగా వ్యవస్థ ఉన్నా, పథకం ముగిసిన తర్వాత నివేదిక రావడం, ఆ నివేదిక వచ్చేసరికి దానిని చదవవలసిన అధికారి బదిలీపై వెళ్లిపోవడం మన అనుభవం. మా కోర్సు అందుకే నిర్ణయానికి ముందు జరిగే ఆలోచన మీదనే దృష్టి పెట్టింది.

మెమో ఇస్తే పని జరుగుతుందా

మొదటి పాఠం వైకుంఠపాళి పాచికలతో నడిచింది. ఒక్కొక్కరూ ఒక మండలం అనుకుని రెండు పాచికలు వేశారు. పడిన మొత్తాన్ని ఆ నెల ప్రగతిగా బోర్డు మీద రాశాం. అట్టడుగున నిలిచినవారికి, శాఖల్లో వాడే భాషలోనే, 'తమ మండల ప్రగతి మిక్కిలి నిరాశాజనకముగా నున్నందున తమపై శాఖాపరమైన చర్య ఏల తీసుకొనరాదో మూడు దినములలోగా సంజాయిషీ సమర్పించవలెను' అని అచ్చువేసిన మెమోలు అందజేశాం. పైనున్నవారికి ప్రశంసాపత్రాలు ఇచ్చాం. ఆ తర్వాత అందరూ మళ్లీ పాచికలు వేశారు. మెమో అందుకున్నవారిలో దాదాపు అందరి అంకె పెరిగింది, ప్రశంస అందుకున్నవారిలో ఎక్కువమంది అంకె పడిపోయింది.

తరగతిలో నవ్వులు ఆగిన తర్వాత అసలు వాదన మొదలైంది. పాచికలకు మెమో అర్థం కాదు కదా, మనుషులకు అర్థమవుతుంది కదా అన్నారు ఒక సీనియర్ ఎంపీడీవో. ఆయన మాటలో న్యాయం ఉంది. మెమో పని చేయదని ఈ ఆట నిరూపించదు. బాగా కిందికి పడిపోయిన అంకె తనంతట తానే కొంత పైకి వస్తుంది కాబట్టి, మెమో తర్వాత వచ్చిన పెరుగుదల అంతా మెమో వల్ల వచ్చినదేనని అనలేమని మాత్రమే ఇది చూపుతుంది. మెమో వల్ల ఎంత, దానంతట అది ఎంత అని తెలియాలంటే, అంతే వెనుకబడిన మండలాల్లో కొన్నింటికి మెమో ఇవ్వకుండా ఉండి చూడాలి. ఏ సమీక్షా సమావేశమూ అలా చేయదు. వీడియో కాన్ఫరెన్సులో చివరి ర్యాంకు వచ్చినవారిని నిలబెట్టి అడగడం, మరుసటి నెల వారు కాస్త పుంజుకోవడం, పర్యవేక్షణ ఫలించిందని రాసుకోవడం ఏళ్ల తరబడి సాగుతున్న తంతు. పోలిక బృందం ఎందుకు కావాలో చెప్పడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ నాకు దొరకలేదు.

ఉచిత బస్సు, ఇంటికి వచ్చిన రేషను

రెండో పాఠానికి అందరికీ తెలిసిన పథకాలనే తీసుకున్నాం. తెలంగాణలో 2023 డిసెంబరు 9న, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న ఆర్టీసీ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం మొదలైంది. కండక్టరు ఇచ్చే ప్రతి జీరో టికెట్టూ లెక్కలోకి వస్తుంది కాబట్టి, ఎన్ని ప్రయాణాలు జరిగాయన్న అంకెకు లోటు లేదు. ప్రశ్న ఆ తర్వాతిది. ప్రయాణాలు పెరిగితే మహిళల ఉపాధి పెరిగిందా, దూరపు కాలేజీలో చేరే ఆడపిల్లలు పెరిగారా, ఆసుపత్రికి వెళ్లడం వాయిదా వేసుకునేవారు తగ్గారా? పథకం అవుట్‌పుట్‌కూ (అందించిన సేవకూ) అవుట్‌కమ్‌కూ (దాని వల్ల బతుకుల్లో వచ్చిన మార్పుకూ) మధ్య ఉన్న ఈ దూరాన్ని తరగతి వెంటనే పట్టుకుంది.

దేనితో పోల్చాలన్న దగ్గర మాత్రం చర్చ చాలాసేపు నలిగింది. రాష్ట్రమంతటా ఒకే రోజున మొదలైన పథకానికి, అది అందని మండలమంటూ ఏదీ మిగలదు. బస్సు వెళ్లని ఊళ్లను, వెళ్లే ఊళ్లతో పోల్చవచ్చని ఒక గణాంక అధికారి ప్రతిపాదించారు. బస్సు వెళ్లని ఊరికి రోడ్డు సరిగా ఉండదు, హైస్కూలు ఉండదు, పెద్ద సంత ఉండదు. ఆ ఊళ్లు మొదటి నుంచీ వేరే ఊళ్లు అని మరొకరు తిప్పికొట్టారు. అయితే రెండు రకాల ఊళ్లలోనూ పథకానికి ముందు, తర్వాత వచ్చిన మార్పులను లెక్కగట్టి, ఆ మార్పుల మధ్య తేడాను చూడాలన్న చోటికి వారే చేరుకున్నారు. ఈ పద్ధతి కూడా, పథకం రాకపోయి ఉంటే రెండు రకాల ఊళ్లూ ఒకే తీరుగా మారేవని నమ్మితేనే నిలుస్తుంది. ఆ నమ్మకానికి ఆధారం చూపాలంటే పథకానికి ముందరి కొన్నేళ్ల లెక్కలు కావాలి. అవి ఎవరి దగ్గర ఉన్నాయని అడిగితే తరగతి మౌనం వహించింది.

ఇలాంటిదే మరొకటి ఆంధ్రప్రదేశ్‌లో ఇంటి వద్దకే రేషను. 2021 ఆరంభంలో 9,260 వాహనాలతో రాష్ట్రవ్యాప్తంగా మొదలై, 2025 జూన్ నుంచి మళ్లీ చౌక ధరల దుకాణాలకు మారింది. మొదలుపెట్టడం మంచిదా, ఆపడం మంచిదా అన్న వాదనలోకి తరగతి వెంటనే దిగబోయింది. ఆ చర్చను అక్కడే ఆపాను. ఆ రెండు నిర్ణయాల వేళల్లోనూ ఒక వికలాంగుడికో, ఒంటరి వృద్ధురాలికో బియ్యం చేరడంలో వచ్చిన తేడా ఎంతో చెప్పగలిగే పోలికకు చోటు పెట్టి ఉంటే, రెండు ప్రభుత్వాలకూ అది పనికివచ్చేది.

దశలవారీగా అమలు చేయడం ఒక్కటే చాలదని చెప్పడానికి ఆరోగ్యశ్రీని చూపించాను. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆ పథకం 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలై, తర్వాత మిగిలిన జిల్లాలకు విస్తరించింది. మొదట పేద జిల్లాలను ఎంచుకోవడం పాలనాపరంగా సమంజసమే. ఆ మూడింటినీ అప్పుడు పథకం లేని సంపన్న జిల్లాలతో నేరుగా పోలిస్తే మాత్రం, పేదరికం వల్ల వచ్చిన తేడా అంతా పథకం ఖాతాలో పడిపోతుంది.

స్మార్ట్‌కార్డుల అనుభవం

తరగతిలో అందరికంటే ఎక్కువసేపు నిలిచిన చర్చ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో జరిగిన స్మార్ట్‌కార్డుల ప్రయోగం మీదనే. ఉపాధి హామీ వేతనాలు, సామాజిక పింఛన్ల చెల్లింపులో వేలిముద్రతో కూడిన కార్డులను ప్రవేశపెట్టినప్పుడు, ఎనిమిది జిల్లాల్లోని 157 మండలాల్లో, అంటే సుమారు కోటీ 90 లక్షల జనాభాలో, ఏ మండలానికి ముందు, ఏ మండలానికి తర్వాత అన్న వరుసను లాటరీతో నిర్ణయించారు. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తంకర్ అనే ఆర్థికశాస్త్రవేత్తలు 2010లో, తిరిగి 2012లో ఇంటింటి సర్వేలు జరిపి, ఫలితాలను 2016లో ప్రచురించారు. పోస్టాఫీసు చుట్టూ తిరిగే బదులు ఊళ్లోనే, తరచుగా స్వయం సహాయక సంఘానికి చెందిన మహిళ చేతుల మీదుగా చెల్లింపు జరగడం ఇందులోని కొత్తదనం.

ఉపాధి హామీ వేతనం తీసుకోవడానికి పట్టే సమయం ఒక్కో చెల్లింపుకు 22 నిమిషాలు తగ్గింది. చెల్లింపులో జాప్యం 29 శాతం తగ్గింది. ఆ పథకం నుంచి కుటుంబాలకు అందిన ఆదాయం 24 శాతం పెరిగింది, లీకేజీ 41 శాతం తగ్గింది. ప్రభుత్వం చేసిన మొత్తం ఖర్చు మాత్రం చెప్పుకోదగినంతగా మారలేదు. అంటే వెళ్లిన డబ్బే ఎక్కువగా కూలీ చేతికి చేరింది. ఇక్కడ లీకేజీని ఎలా కొలిచారన్నది అధికారులను బాగా ఆకట్టుకుంది. ప్రభుత్వ రికార్డుల్లో ఫలానా కుటుంబానికి చెల్లించినట్టు ఉన్న మొత్తం ఒకవైపు, ఆ ఇంటికి వెళ్లి అడిగితే చేతికి వచ్చిందని చెప్పిన మొత్తం మరోవైపు ఉంచి, ఈ రెంటి తేడాను లెక్కగట్టారు. మస్టరు రోలు (కూలీల హాజరు పట్టీ) ఎలా నిండుతుందో తెలిసిన ఎంపీడీవోలకు ఇంతకంటే వివరణ అవసరం లేకపోయింది.

రెండేళ్ల తర్వాత కూడా ఈ మండలాల్లో సుమారు సగం చెల్లింపులే కొత్త పద్ధతికి మారాయి. సగమే అమలైన పథకాన్ని మదింపు చేయడం అన్యాయం కాదా అని ఒక సీడీపీవో అడిగారు. ప్రభుత్వం నిజంగా అమలు చేయగలిగేది అంత మేరకే అయినప్పుడు, తెలుసుకోవలసింది కూడా ఆ అమలు ఇచ్చిన ఫలితమే. కాగితం మీది పథకం ఇవ్వగల ఫలితం వేరు, మన సిబ్బందితో మన మండలాల్లో నడిచిన పథకం ఇచ్చిన ఫలితం వేరు. విధాన నిర్ణయానికి పనికివచ్చేది రెండోదే.

ఆ ప్రయోగంలో నా దృష్టిలో అన్నిటికంటే విలువైన సంగతి మరొకటి ఉంది. స్మార్ట్‌కార్డులపై స్థానిక నాయకుల నుంచి ప్రతికూల అభిప్రాయాలు పైకి చేరుతూ ఉండడంతో, ఒక దశలో ఆ పద్ధతిని ఎత్తివేయాలన్న ఆలోచన ప్రభుత్వంలో వచ్చింది. అదే సమయంలో సర్వేలో పదిమంది లబ్ధిదారుల్లో తొమ్మిదిమందికి పైగా పాత పద్ధతి కంటే కార్డే మేలని చెప్పారు. లీకేజీ తగ్గి నష్టపోయినవారి సంఖ్య కొద్దే అయినా వారికి కార్యాలయంలో కుర్చీ దొరుకుతుంది; వేతనం పది రోజులు ముందుగా అందిన కూలీ ఆ విషయం చెప్పడానికి మండల కార్యాలయానికి రాడు. వచ్చినవారి మాటలనే ప్రజాభిప్రాయంగా నోట్‌లో రాసే అలవాటు ఎంత ప్రమాదకరమో దీని తర్వాత వేరే పాఠం చెప్పవలసిన పని లేకపోయింది.

అడగనివారిని మనమే అడిగితే ఏమవుతుందన్న దానికి తెలంగాణ రైతుబంధులోనే ఒక సమాధానం ఉంది. 2018లో ఆ పథకం కింద ఎకరానికి రూ.4,000 చొప్పున చెక్కులు పంచినప్పుడు, లాటరీలో ఎంపికైన మండలాల వ్యవసాయాధికారులకు, మీ రైతులకు ఫోన్లు చేసి పంపిణీ ఎలా జరిగిందో అడుగుతామని ముందే తెలియజేశారు. అంతమాత్రానికే, ఆ మండలాల్లో చెక్కు అందని రైతుల సంఖ్య 7.8 శాతం తగ్గింది. అదనంగా రైతులకు చేరిన ప్రతి వంద రూపాయలకూ అయిన ఖర్చు రూ.3.60 మాత్రమే.

లాటరీ మీద అభ్యంతరం

కొందరికి ఇచ్చి కొందరికి ఆపడం తప్పు కాదా అన్న ప్రశ్న ఎప్పుడూ వస్తుంది, రావాలి కూడా. మద్యం దుకాణాల లైసెన్సులు డ్రా తీసి కేటాయిస్తున్నాం, హైదరాబాద్‌లో డబుల్ బెడ్‌రూమ్ ఇళ్లు డ్రా తీసి ఇచ్చాం; అర్హులు ఎక్కువై వనరు తక్కువైన చోట లాటరీయే న్యాయమని ప్రభుత్వమే ఎప్పుడో ఒప్పుకుంది. బడ్జెట్ ఈ ఏడాదికి కొన్ని మండలాలకే సరిపోయినప్పుడు మిగిలినవాటికి ఆపుతున్నది బడ్జెటే. ఆ కొన్ని ఏవన్నది ఇప్పుడు ఎలా నిర్ణయమవుతోందని తిరిగి అడిగితే, తరగతిలో ఎవరూ బిగ్గరగా సమాధానం చెప్పలేదు గాని అందరికీ తెలుసు. ప్రాణాపాయంతో ముడిపడిన సేవను, ఇవ్వగలిగి ఉండీ, పోలిక కోసం ఆపడం మాత్రం ఏ పరిస్థితిలోనూ కూడదని కోర్సులో నియమంగానే పెట్టాం.

వసతి గృహం ఫైలు

ఒక ఐటీడీఏ పరిధి నుంచి వచ్చిన బృందం తెచ్చిన ఫైలును వివరంగా చెప్పడం అవసరం. రోడ్డు లేని కొండ గూడేల నుంచి నిండు గర్భిణులను వానాకాలంలో డోలీ కట్టి మోసుకురావలసిన పరిస్థితిని తప్పించడానికి, ప్రసవం తేదీకి కొన్ని రోజుల ముందే వారిని పీహెచ్‌సీకి (ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి) దగ్గరలోని వసతి గృహంలో ఉంచే ఏర్పాటు అక్కడ ఉంది. దానిని మరికొన్ని పీహెచ్‌సీలకు విస్తరించాలన్నది ప్రతిపాదన. నోట్‌లోని కీలక వాక్యం ఇలా ఉంది: 'వసతి గృహములో చేరిన గర్భిణులకు నూరు శాతం ఆసుపత్రి ప్రసవములు జరిగినందున, మిగిలిన కేంద్రములకు కూడా విస్తరించుటకు అనుమతి కోరడమైనది.'

ఆసుపత్రి పక్కనే పడక వేసుకుని ఉన్న మనిషికి ఆసుపత్రిలో ప్రసవం జరగకుండా ఎలా ఉంటుందని బృందంలోనే ఒకరు అన్నారు. విరామ సమయంలో చేయవలసిన పని ఆ మాటతోనే తేలిపోయింది. వసతి గృహం రిజిస్టరును పక్కన పెట్టి, గ్రామ ఆరోగ్య కార్యకర్తలైన ఏఎన్‌ఎంల దగ్గర ఉండే గర్భిణుల నమోదు పుస్తకాలను వారు తీసుకున్నారు. వానాకాలంలో ప్రసవం అంచనా తేదీ ఉన్న ప్రతి గర్భిణి పేరూ, వసతి గృహంలో చేరినా చేరకపోయినా, ఒక పట్టికలోకి ఎక్కించారు. ఆమె గూడేనికి వాహనం ఎంత దూరం వరకు రాగలదు, వసతి గృహంలో చేరిందా లేదా, చివరకు ప్రసవం ఎక్కడ జరిగింది అన్న మూడు గళ్లు మాత్రమే అదనంగా పెట్టుకున్నారు. కొత్త సర్వే ఏదీ లేదు. ఆ పుస్తకాలన్నీ ఎప్పటినుంచో పీహెచ్‌సీ బీరువాల్లోనే ఉన్నాయి. ఆ అంకెలు శాఖ ఫైలులోనివి కాబట్టి ఇక్కడ ఇవ్వడం లేదు, తేలిన తీరు మాత్రం చెప్పవచ్చు.

వసతి గృహంలో చేరినవారిలో అధికులు ఆటో వెళ్లగలిగే ఊళ్లవారు. ఆ ఊళ్లలో వసతి గృహంలో చేరనివారిలో కూడా ఎక్కువమందికి 108 వాహనంలో వెళ్లి ఆసుపత్రిలోనే ప్రసవం జరిగింది. ఎవరి కోసం ఈ ఏర్పాటు పుట్టిందో ఆ కొండ గూడేల నుంచి చేరినవారు చాలా తక్కువ. అంటే నోట్‌లోని నూరు శాతంలో పెద్ద భాగం వసతి గృహం లేకపోయినా జరిగి ఉండేదే.

పట్టికలో కొన్ని పేర్ల ఎదురుగా ప్రసవం వివరం ఖాళీగా మిగిలింది. బృందం మొదట వాటిని తీసేసింది. ఆ ఖాళీలు ఎవరివని తరగతిలో అడిగినప్పుడు, వాటిలో చాలావరకు తొలి చూలు గర్భిణులవని, కాన్పుకు పుట్టింటికి వెళ్లినవారివని తేలింది. ఆమె పేరు అత్తవారి ఊరి పుస్తకంలో ఉంటుంది, ప్రసవం మరో పీహెచ్‌సీ పరిధిలో జరుగుతుంది, రెండు పుస్తకాలూ కలవవు. వారిని వదిలేస్తే మిగిలేది అనుభవం ఉన్న తల్లుల లెక్క మాత్రమే. ఆసుపత్రి అవసరం గట్టిగా ఉండే తొలి కాన్పులే లెక్క నుంచి జారిపోతాయి. గణాంక శాస్త్రంలో నమూనా నుంచి జారిపోయినవారి గురించి చెప్పే అధ్యాయమంతా ఈ ఒక్క ఆచారంతో అర్థమయింది. పుట్టింటి ఊరి ఆశా కార్యకర్తలకు ఫోన్లు చేయించి చాలా గళ్లు పూరించగలిగారు.

చేరనివారు ఎందుకు చేరలేదో తెలుసుకోవడానికి, వారి భాష తెలిసిన ఆశా కార్యకర్తలను తోడు తీసుకుని బృందం సంత రోజున వారిని కలిసింది. వైద్యం మీద అపనమ్మకమే కారణమని నోట్‌లో ఊహించి రాశారు. వారు చెప్పిన కారణాలు వేరు. పెద్ద బిడ్డను ఎవరి దగ్గర వదలాలి, పోడులో కలుపు తీసే రోజుల్లో అన్ని దినాలు ఎలా కూర్చోవాలి, తోడుగా వచ్చే అత్తకో తల్లికో అక్కడ పడక లేదు, తిండి లేదు. ఈ మూడింటిలో రెండు, కొత్త భవనం కట్టకుండానే తీర్చగలిగినవి.

రెండో విడతకు వారు తెచ్చిన నోట్ మారిపోయింది. తోడు వచ్చే ఒకరికీ, పెద్ద బిడ్డకూ వసతీ భోజనమూ అనుమతించాలన్నది మొదటి ప్రతిపాదన. ఇది ఉన్న వసతి గృహాలన్నిటికీ వర్తిస్తుంది. కొత్త వసతి గృహాలకు ఈ ఏడాది నిధులు కొన్ని పీహెచ్‌సీలకే సరిపోతాయి కాబట్టి, అర్హమైన పీహెచ్‌సీల మధ్య డ్రా తీసి వరుస నిర్ణయించాలన్నది రెండోది. వరుసలో వెనుకబడిన చోట్ల 108, ఏఎన్‌ఎం సేవల్లో ఏమీ తగ్గించరాదని అందులోనే స్పష్టంగా రాశారు. ఫలితాన్ని వసతి గృహంలో చేరినవారి సంఖ్యతో కాక, రోడ్డు లేని గూడేల గర్భిణులందరిలో ఎంతమందికి ఆసుపత్రి ప్రసవం జరిగిందన్న దానితో కొలవాలన్నది మూడోది.

ఫైలు పైకి వెళ్లి 'చర్చించండి' అన్న వ్యాఖ్యతో ఒకసారి తిరిగి వచ్చింది. తోడు వచ్చేవారి భోజనానికి అనుమతి త్వరగానే లభించింది. డ్రాకు కూడా ఒప్పుకున్నారు గాని, ఒకటి రెండు పీహెచ్‌సీలను సిఫార్సు మీద వరుసలో ముందుకు జరిపారు. దీనితో కసరత్తు అంతా చెడిపోయిందని బృందం నిరుత్సాహపడింది. అలా జరిపినవాటిని పోలిక నుంచి తీసేసి, డ్రాలో నిలిచిన మిగిలినవాటితోనే లెక్క చూసుకోవచ్చు. ప్రభుత్వంలో పూర్తి స్వచ్ఛమైన ప్రయోగం కోసం ఎదురు చూసేవారు ఎదురు చూస్తూనే ఉంటారు.

శిక్షణ ప్రభావం మాటేమిటి

ప్రభావ మదింపు నేర్పే కోర్సుకు తన ప్రభావాన్ని కొలుచుకోకపోతే మర్యాద దక్కదు. శాఖల నుంచి వచ్చిన నామినేషన్లు సీట్ల కంటే ఎక్కువ కావడంతో, ఎవరు ఈ బ్యాచ్‌లో, ఎవరు తర్వాతి బ్యాచ్‌లో అన్నది డ్రా ద్వారానే నిర్ణయించాం. కొన్ని నెలల తర్వాత రెండు వర్గాలవారూ రాసిన నోట్‌లను, పేర్లు తీసేసి, ఎవరికి శిక్షణ అందిందో తెలియని ఇద్దరు విశ్రాంత అధికారుల చేత చదివించాం. శిక్షణ పొందినవారి నోట్‌లలో దేనితో పోల్చి అన్న వివరణ, లబ్ధి అందనివారి ప్రస్తావన స్పష్టంగా ఎక్కువగా కనిపించాయి. ఆ నోట్‌లపై వచ్చిన తుది నిర్ణయాల్లో మాత్రం చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. సంఖ్య చిన్నది కాబట్టి దీని మీద పెద్ద నిర్ధారణలు కట్టలేం. బ్రెజిల్‌లో 2,150 మునిసిపాలిటీలతో జరిగిన ఒక పెద్ద ప్రయోగంలో, పన్ను చెల్లింపుదారులకు గుర్తుచేస్తూ ఉత్తరాలు పంపితే వసూళ్లు పెరుగుతాయన్న పరిశోధన ఫలితాన్ని మేయర్లకు తెలియజేస్తే, ఆ పద్ధతిని చేపట్టే అవకాశం 10 శాతం పాయింట్లు పెరిగింది. అక్కడ చెప్పింది ఒక చవకైన, తేలికైన పని. నిర్ణయం తీసుకోగలిగిన వ్యక్తికే నేరుగా చెప్పారు. మా దగ్గర రాసేవారు ఒకరు, నిర్ణయించేవారు మరొకరు.

బదిలీలు మరో చిక్కు. వసతి గృహం నోట్ రాసిన అధికారి ఆ తర్వాత వేరే శాఖకు వెళ్లారు. ఆయన స్థానంలో వచ్చినవారికి ఈ శిక్షణ లేదు, అయినా పట్టిక కొనసాగుతోంది. ఎందుకంటే బృందం దానిని ఏఎన్‌ఎంల నెలవారీ ప్రొఫార్మాలోనే మూడు గళ్లుగా కలిపేసింది. మనిషికి నేర్పినది మనిషితో వెళ్లిపోతుంది, ప్రొఫార్మాలో చేరినది కార్యాలయంలో ఉండిపోతుంది. ఈ సంగతి గమనించిన తర్వాత కోర్సు చివరి భాగాన్ని మార్చాం. ఇప్పుడు ప్రతి బృందమూ తన శాఖ వాడే ఒక నివేదిక ఫార్మాటును తెచ్చి, అందులో ఒకటి రెండు గళ్లు చేర్చి, అంతకు రెట్టింపు గళ్లు కొట్టేయాలి. కొట్టేయడం తప్పనిసరి, ఎందుకంటే ఏఎన్‌ఎం ఇప్పటికే నింపుతున్న రిజిస్టర్ల బరువు మీద మరో బరువు పెడితే వచ్చే అంకెలు ఊహించి రాసినవే అవుతాయి.

తర్వాతి బ్యాచ్‌కు రెండు షరతులు అదనంగా పెట్టాం. ఒక్కో శాఖ నుంచి నోట్ రాసే అధికారితో పాటు, ఆ నోట్ మీద సంతకం చేసే పైఅధికారి కూడా కనీసం మొదటి రోజూ చివరి రోజూ తరగతిలో కూర్చోవాలి. ఫైలులో ప్రతిపాదిత పథకం అందని ఐదుగురితో మాట్లాడిన వివరం లేకపోతే రెండో విడతకు ప్రవేశం ఉండదు. మొదటి షరతుకు కొన్ని శాఖలు ఇంకా అంగీకారం తెలపలేదు. అంగీకరించిన శాఖల నామినేషన్లకు డ్రా తీయవలసి ఉంది.